విద్యార్థులు - మద్యపానము: పాత్ర యొక్కటే, ఫలములు వేరు



ఏటేట వేసవి ముగియుసరికి మన యిండ్ల పిల్లలు పెట్టెలు సర్దుకొని కళాశాలలకు బయలుదేరుచుందురు. ఊరగాయ జాడీలు, పొడులు, దుప్పట్లు, జ్వరపు మాత్రలు అన్నియు మనమే సర్ది పంపుదుము. వేళకు తినుమనియు, దుష్టసాంగత్యము వలదనియు బుద్ధులు చెప్పుదుము. మద్యమను మాటను మాత్రము నోట పలుకుటకు జంకుదుము. ఆ మాట యెత్తినచో లేని యాలోచన పుట్టించినట్లగునేమో యని కొందఱును, మన పిల్లల కట్టి బుద్ధి పుట్టనే పుట్టదని కొందఱును మిన్నకుందురు. మా వారు ఉపాధ్యాయులగుటచే వారి పూర్వశిష్యులు సెలవులలో మా యింటికి వచ్చుచుందురు. వారి మాటలవలన మాకు తెలిసినదేమనగా, మనము చెప్పకున్నను హాస్టలులో మొదటి నెలలోనే ఎవరో యొకరు ఆ మాట చెప్పుచున్నారు. చెప్పువారు తప్పుగా చెప్పుచున్నారు.

వారు చెప్పునవి సామాన్యముగా నాలుగు మాటలు. బీరు మద్యమే కాదనునది మొదటిది. ఫలానావాడు అంత త్రాగియు నిలువుగా నడిచెను, నీకు మాత్రమేమగును అనునది రెండవది. మత్తెక్కువైనచో కాఫీ త్రాగిన దిగిపోవుననునది మూడవది. పడిపోయినవానిని కదల్పక పండుకొననిచ్చినచో తెల్లవాఱుసరికి తానే లేచుననునది నాలుగవది. ఈ నాలుగును అసత్యములు. నాలుగవది ప్రాణములనే తీయగలదు. మద్యపానము దోషమా కాదా యను ధర్మవిచారము మన పెద్దలు చేసియే యున్నారు. ఒకే పాత్ర ఒక పిల్లవానిని నవ్వించి వేఱొకని నేల గూల్చుటకు కారణములేవో, వానిలో తల్లి తెలిసికొని చెప్పదగినవేవో ఈ వ్యాసమున విన్నవించెదము.

మొదట పాత్ర సంగతి. మద్యములన్నిటిలోను మత్తు కలిగించునది మద్యసార మొక్కటే. మన దేశమున అమ్ము విస్కీ, బ్రాంది, రమ్ములలో సాధారణముగా నూటికి 42.8 పాళ్లు ఆ సారముండును. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో అది సుమారు 10 గ్రాములగును. ఇక 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరు సీసాను లెక్కింతము. నూటికి 8 పాళ్లున్న బీరైనచో ఆ సీసాలో సారము దాదాపు 41 గ్రాములు. అనగా ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానము. "బీరే కదా" యనువారికి ఈ లెక్కయే చాలిన సమాధానము.

రెండవది దేహము. త్రాగిన సారము కడుపునుండి కొంతయు, చిన్నప్రేగునుండి విశేషముగాను రక్తమున జేరి దేహమందలి నీటిభాగమంతట వ్యాపించును. క్రొవ్వులో అది యంతగా చేరదు. కావున బరువు తక్కువైనవారికిని, దేహమున నీటిపాలు తక్కువైనవారికిని అదే పాత్ర ఎక్కువ మత్తు నిచ్చును. స్త్రీల దేహమున సహజముగా నీటిపాలు పురుషులకన్న తక్కువ. కడుపులోనే మద్యమును కొంత విఱుగగొట్టు పదార్థమును స్త్రీలయందు తక్కువగా నున్నదని 1990లో వెలువడిన యొక పరిశోధనము తెలిపినది.

స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఎరిక్ విడ్మార్కు బరువునుబట్టి రక్తమున జేరు మద్యమును గణించు సూత్రమొకటి కూర్చెను. దాని ప్రకారము పైన జెప్పిన బీరు సీసాను పరగడుపున ఒక్కసారిగా 70 కిలోల యువకుడు త్రాగినచో 100 మిల్లీలీటర్ల రక్తమున సుమారు 84 మిల్లీగ్రాముల సారము చేరును. 50 కిలోల యువతి త్రాగినచో సుమారు 145 మిల్లీగ్రాములు చేరును. మన మోటారు వాహనముల చట్టము 185వ సెక్షనునందు వాహనము నడుపువారికి విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. ఒక్క సీసాతోనే ఇద్దఱును హద్దు దాటిరి. అందులో యువతి దాదాపు అయిదింతలు దాటినది. స్నేహితుల నడుమ "సమానముగా త్రాగుదము" అను పందెమున ఎంతటి అసమానత దాగియున్నదో దీనివలన గ్రహింపవచ్చును. మన ఆడపిల్లలు బలహీనలని చెప్పుటకు ఇది వ్రాయుటలేదు. దేహమునకు మొగమోటము లేదని మాత్రము వారు తెలిసికొనవలెను.

మూడవది కాలము. రక్తమున జేరిన సారమును విఱుగగొట్టు పని కాలేయముది. అది తొందరపెట్టినను తొందరపడదు. సామాన్యముగా గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున, మనుష్యునిబట్టి కొంత హెచ్చుతగ్గుగా, రక్తమున మద్యము తగ్గుచుండును. కాఫీ, మజ్జిగ, నిమ్మరసము, చన్నీళ్ల స్నానము ఇవి యేవియు ఆ పనిని వేగిరపఱుపవు. కాఫీ త్రాగినవాడు మత్తుతో కూడిన మెలకువ గలవాడగును, అంతియే. పైన జెప్పిన యువతి రాత్రి 11 గంటలకు త్రాగుట మానినను, తెల్లవాఱి 6 గంటలకు స్కూటరెక్కునప్పటికి ఆమె రక్తమున ఇంకను 40 మిల్లీగ్రాములు మిగిలియుండుట సంభవము. రాత్రి నిద్రపోయితిని గనుక మత్తు పోయినదనుకొనుట పొరపాటు.

కాలేయము చేయు పనిలోను అందఱును ఒక్కరీతివారు కారు. తూర్పు ఆసియా దేశములవారిలో పెక్కుమందికి పుట్టుకతోనే ఆ పనిలో ఒక మెట్టు కుంటుపడియుండును. వారికి కొంచెము త్రాగినను ముఖము ఎఱ్ఱబడి గుండె దడదడలాడును. ఇట్టి తేడాలు తల్లిదండ్రులనుండి సంక్రమించునవే కాని మనోబలమువలన వచ్చునవి కావు.

నాలుగవది భోజనమును త్రాగు వేగమును. కడుపునిండ అన్నము తిన్నవారికి మద్యము చిన్నప్రేగునకు నెమ్మదిగా దిగును. పరగడుపున అది త్వరగా దిగి రక్తమున ఒక్కమారుగా పెరుగును. హాస్టలు కూర రుచింపలేదని భోజనము మాని విందునకు పోవు పిల్లవాడు తెలియకయే అపాయమును రెట్టింపు చేసికొనుచున్నాడు. అయితే తిన్నవాడు మత్తెక్కక తప్పించుకొనునని యర్థము కాదు. నెమ్మదిగా నెక్కుటయే తేడా. అటులనే రెండు గంటలలో త్రాగునది పది నిమిషములలో త్రాగినచో కాలేయమునకు గడువుండదు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను 21 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదని చట్టము. పదునెనిమిదేండ్ల పిల్లవాడు త్రాగదలచినచో చాటుగనే త్రాగవలెను. చాటున త్రాగువాడు ఎవరైన వచ్చెదరేమోయని గబగబ త్రాగును. ఆ భయమే పాత్రకు వేగము నిచ్చుచున్నది.

అయిదవది కలియిక. మనము పెట్టెలో సర్ది పంపు మాత్రలనుగూర్చి ఇచ్చట హెచ్చరింపవలసియున్నది. జలుబునకు, దురదలకు ఇచ్చు మాత్రలలో కొన్ని నిద్ర గలిగించునవి. నిద్రమాత్రలు, కొన్ని నొప్పిమందులు ఊపిరిని మందగింపజేయునవి. మద్యమును అదే పని చేయును. రెండును కలిసినచో ఊపిరి ఆగుటయు గలదు. ఇన్సులిను తీసికొను పిల్లలకు త్రాగినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ఎక్కువ త్రాగువారికి పారాసెటమాలు సయితము కాలేయమునకు చేటు దేగలదు. మఱి కాఫీసత్తు గల ఉత్సాహపానీయములతో మద్యమును కలుపు వాడుక యొకటి బయలుదేరినది. మత్తు తగ్గక, మత్తు తెలియుట మాత్రము తగ్గుటచే త్రాగువాడు ఇంకను త్రాగును. అట్లు కలిపి యమ్ముచున్న నాలుగు కంపెనీలకు 2010 నవంబరులో అమెరికా ఆహారౌషధ శాఖవారు హెచ్చరిక పత్రములు పంపిరి.

ఒకరు కలిపి యిచ్చిన పాత్రలో ఏమున్నదో ఎఱుగక త్రాగుట యెంతటి విపత్తో ఆదిపర్వమున మనము చదివియే యున్నాము. బృహస్పతి కుమారుడగు కచుడు మృతసంజీవని నేర్చుటకు శుక్రాచార్యునొద్ద విద్యార్థిగా చేరెను. అసురులు ఆ విద్యార్థిని చంపి, దహించి, ఆ బూడిదను సురలో కలిపి గురువునకే త్రాగనిచ్చిరి. దానవగురువంతటి ప్రాజ్ఞుడు తన ప్రియశిష్యుని తానే మ్రింగెను. పిమ్మట తెలివొంది సురాపానమును నిషేధించెను. ఇతరులు తెచ్చి చేతికిచ్చిన పాత్రను, విడిచిపోయి మరలివచ్చిన పాత్రను ముట్టరాదని మన పిల్లలకు, ముఖ్యముగా ఆడపిల్లలకు చెప్పుటకు ఈ కథకన్న తగినది లేదు.

ఆఱవది వయస్సు. విచక్షణకు, నిగ్రహమునకు ఆధారమైన మెదడు ముందుభాగము సుమారు ఇరువదియైదేండ్ల వఱకు పరిపక్వమగుచునే యుండును. చిన్న వయసు జంతువులపై జరిపిన పరీక్షలలో మద్యమువలన నిద్రమత్తు, తూలుట పెద్దవానికన్న ఆలస్యముగా కనబడినవి. జ్ఞాపకశక్తికి కలుగు హాని మాత్రము ఎక్కువగా కనబడినది. పెద్దవానిని నిద్ర ఆపును. చిన్నవానికి ఆ నిద్ర వేళకు రాదు. పరీక్షలకై రాత్రులు మేలుకొన్న పిల్లలకు నిద్రలేమి తోడై, కొంచెము మద్యమే ఎక్కువ పని చేయును.

"మావాడు ఎంత త్రాగినను చలింపడు" అని కొందఱు స్నేహితులు మెచ్చుకొందురు. ఇది మెచ్చదగిన గుణము కాదు. అమెరికాలో మార్కు షకిట్ అను వైద్యుడు ఇరువదేండ్ల ప్రాయమున మద్యమునకు తక్కువగా చలించిన యువకులను అనేక సంవత్సరములు గమనింపగా, తరువాత వ్యసనమున చిక్కినవారు వారిలోనే ఎక్కువగా నుండిరి. తండ్రికో తాతకో ఈ వ్యసనమున్న యింట పిల్లలు మఱింత జాగరూకులై యుండవలెను. ఇంటి గుట్టని ఆ సంగతి దాచి పిల్లలను చీకటిలో పంపుట మేలుకాదు.

ఇంతవఱకు దేహము మాట చెప్పితిమి. మనస్సు మాట మఱింత వింతయైనది. 1975లో అమెరికాలో కొందఱు మనశ్శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థులపై ఒక పరీక్ష జరిపిరి. కొందఱికి వోడ్కా కలిపిన పానీయమును, కొందఱికి వట్టి పానీయమును ఇచ్చిరి. రుచిలో తేడా తెలియదు. అయితే మద్యమిచ్చినవారిలో కొందఱికి అది మద్యము కాదనియు, ఇయ్యనివారిలో కొందఱికి అది మద్యమేననియు చెప్పిరి. తరువాత వారి కోపస్వభావమును కొలువగా, మద్యము త్రాగితిమని నమ్మినవారే ఎక్కువ దుడుకుగా ప్రవర్తించిరి. నిజముగా త్రాగినదానితో దానికి నిమిత్తము లేకపోయెను. కాని చేతి చుఱుకుదనము మాత్రము నిజముగా మద్యము త్రాగినవారికే తగ్గెను. కాబట్టి "త్రాగిన మైకమున తిట్టితిని, మన్నింపుము" అనుమాటలో సగము మద్యముది కాదు, త్రాగినవానికి దుడుకు చెల్లునను నమ్మకముది. వాహనము నడుపు చేయి మాత్రము నమ్మకమును లెక్కచేయదు.

ఇట్టి పరిశోధనలు విశేషముగా అమెరికా కళాశాలలలోనే జరిగినవి. తెలుగు విద్యార్థులు అనేకులు నేడు ఆ దేశముననే చదువుచున్నారు గనుక అవి మనకును దూరపు సంగతులు కావు. 1993లో హార్వర్డు విశ్వవిద్యాలయపు హెన్రీ వెక్స్లరును సహచరులును 140 కళాశాలలలో పదునేడువేలకు పైబడిన విద్యార్థులను ప్రశ్నించిరి. గడచిన రెండు వారములలో యువకులైనచో వరుసగా అయిదు, యువతులైనచో నాలుగు పాత్రలు త్రాగినవారు నూటికి 44 మంది యని తేలెను. సంఖ్య పెద్దదే. కాని ఆ రీతిగా త్రాగనివారు 56 మంది యనుమాట ఎవరికిని తోచదు. 1986లో పెర్కిన్సు, బెర్కోవిట్సు అను ఇద్దఱు పండితులు ఒక చిన్న కళాశాలలో విచారింపగా, విద్యార్థులు తమకన్న తోటివారు మద్యము విషయమున ఎక్కువ విచ్చలవిడి భావములు గలవారని తలంచుచున్నట్లు తెలిసినది. ప్రతివాడును "అందఱును త్రాగుచున్నారు, నేనొక్కడనే వెనుకబడితిని" అనుకొని, లేని గుంపును అనుసరించుచున్నాడు.

మన దేశముననో? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము పదునైదేండ్లు దాటిన పురుషులలో త్రాగువారు నూటికి 19 మంది, స్త్రీలలో ఒక్కరు. తెలంగాణమున పురుషులలో ఈ సంఖ్య 43. అంత యెక్కువగా నున్నచోటను త్రాగనివారే సగమునకు మించియున్నారు. "నీవొక్కడవే కావు, నీవంటివారే ఎక్కువ" అను నిజము పిల్లవాని చెవిని వేసి పంపినచో అది మన నూఱు నీతులకన్న బలమైన ఆసరా యగును.

నిషేధముతో ఇది తీరదా యని అడుగువారుందురు. మౌసలపర్వమున ద్వారకలో మద్యము చేయరాదని చాటింపు వేయించినను యాదవులు ప్రభాసమున త్రాగి ఒకరినొకరు చంపుకొనిరి. మన నేలమీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ యుద్యమ ఫలముగా 1993 అక్టోబరు 1 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. ఆ స్త్రీల సాహసము మనకు పూజ్యము. చట్టములు వచ్చుచు పోవుచుండును గాని, తల్లి చెప్పిన మాట పిల్లవానితో హాస్టలు గదివఱకు పోవును.

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. మా వారి పూర్వశిష్యుడొకడు చెప్పినది. హాస్టలున విందు జరిగిన రాత్రి ఒక పిల్లవాడు వాంతి చేసికొని స్పృహ తప్పెను. తోటివారు మోమున నీళ్లు చల్లి, మంచముపై వెలికిల పండుకొనబెట్టిరి. వార్డెనునకు చెప్పినచో ఇంటికి తెలియునని భయపడిరి. వారిలో ఒకడు మాత్రము ఊరకుండలేక పడిపోయినవానిని ప్రక్కకు త్రిప్పి, 108కు ఫోను చేసెను. పిల్లవాడు బ్రదికెను. "అందఱును భయపడినది చావునకు కాదమ్మా, నాన్నగారికి" అని ఆ శిష్యుడు మాతో ననెను. ఆ మాట మమ్ము చాల దినములు బాధించినది.

ఈ భయము ఒక్క మన యింటిది కాదు. శిక్షకు వెఱచి విద్యార్థులు వైద్యసహాయము కోరుటలేదని గ్రహించి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2002లో ఒక నియమము చేసిరి. త్రాగి అపాయమున బడినవానికొఱకు సహాయము పిలిచినవారిని, ఆ పడినవానిని కళాశాల దండింపదని దాని సారము. కళాశాల చేయగలిగినది ఇల్లు చేయలేదా?

పిల్లలకు ఈ గుర్తులు తప్పక చెప్పవలెను. పిలిచినను గిల్లినను లేవకుండుట, నిద్రలోనే వాంతి యగుట, ఫిట్లు వచ్చుట, నిమిషమునకు ఎనిమిది మారులకన్న తక్కువగా ఊపిరి తీయుట, ఊపిరికిని ఊపిరికిని నడుమ పది సెకండ్లకు మించి యెడమగుట, దేహము చల్లబడి పెదవులు నీలివర్ణమగుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను అది నిద్ర కాదు. త్రాగుట మానిన తరువాతను కడుపులో నున్నది రక్తమున జేరుచునే యుండునని మఱువరాదు. వెంటనే 108కు ఫోను చేయవలెను. వానిని ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. ఒంటరిగా విడువరాదు. కాఫీ పోయరాదు, చన్నీళ్లలో ముంచరాదు, బలవంతముగా వాంతి చేయింపరాదు.

ఇన్నియు చెప్పుట త్రాగుటకు సెలవిచ్చినట్లగునని కొందఱు సోదరీమణులకు తోచవచ్చును. ఈత రాని పిల్లవానిని ఏటివద్దకు పోవలదని చెప్పుచునే ఈతయు నేర్పుదుము. అది ఏటిలో దుముకుమని చెప్పినట్లు కాదు. త్రాగవలదని మన మాట గట్టిగనే చెప్పుదము. దానికి మఱియొక మాట చేర్చుదము. "నాయనా, నీకు గాని నీ స్నేహితునకు గాని ఏ యర్ధరాత్రి యేమి జరిగినను ముందు వైద్యుని పిలువుము, తరువాత మమ్ము పిలువుము. ఆ రాత్రి నిన్ను ఏమియు అడుగము. తప్పు విచారణ నీ ప్రాణము కుదుటబడిన పిదప చేసికొందము." ఈ మాట తండ్రి నోట వచ్చినచో మఱియు మేలు. తండ్రులచేత చెప్పించు నేర్పు మన గృహిణులకు లేకపోలేదు. ఈ యేడు పెట్టె సర్దునప్పుడు మాత్రల డబ్బాతోపాటు ఈ మాటను గూడ మఱువక పంపుదురని మా ప్రార్థన.